రెవెన్యూ గ్రామం, పంచాయతీ, మండలం, డివిజన్: ఏది దేని కింద వస్తుంది?

పటంగీత

అందరికీ నమస్కారం. రెండు తెలుగు రాష్ట్రాల ఊళ్లన్నీ ఒకే పట్టికలోకి ఎక్కించే పని ఉంది. ఊరు, మండలం, డివిజన్, జిల్లా అని నాలుగు గళ్లు పెడితే లెక్క కుదరడం లేదు. రెవెన్యూ జాబితాలో ఉన్న ఊరు పంచాయతీ జాబితాలో కనిపించదు. పంచాయతీ జాబితాలో ఉన్నది రెవెన్యూలో లేదు. ఒకే మండలం పేరు నాలుగు జిల్లాల్లో వస్తోంది. పై నుంచి కిందికి అసలు వరస ఏమిటి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

తాసిల్‌మెట్లు

ముందే ఒకటి గుర్తుపెట్టుకోండి. రాష్ట్రంలో పక్కపక్కనే రెండు నిచ్చెనలున్నాయి. ఒకటి రెవెన్యూది, రెండోది ఎన్నికైన స్థానిక సంస్థలది. రెండింటి మెట్లనూ కలిపి ఒకే వరసలో రాశారు కాబట్టే మీ లెక్క కుదరడం లేదు.

రెవెన్యూ నిచ్చెన ఇది: జిల్లాకు కలెక్టరు, రెవెన్యూ డివిజన్‌కు ఆర్డీవో (రెవెన్యూ డివిజనల్ అధికారి), మండలానికి తాసిల్దారు, అడుగున రెవెన్యూ గ్రామం. డివిజన్‌కు ఐఏఎస్ అధికారి వస్తే అదే కుర్చీని సబ్ కలెక్టరు అంటారు. అది వేరే మెట్టు కాదు. కలెక్టరు తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌లో జాయింట్ కలెక్టరుది. తెలంగాణలో 2020 నుంచి అదనపు కలెక్టర్లు ఇద్దరు, ఒకరు రెవెన్యూ చూస్తారు, మరొకరు స్థానిక సంస్థలు చూస్తారు. తాసిల్దారు కింద డిప్యూటీ తాసిల్దారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. తెలంగాణలో ఇప్పటికీ చాలామంది ఆయన్ని గిర్దావరు అనే పిలుస్తారు.

గ్రామస్థాయిలో రెండు రాష్ట్రాలూ వేరుపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) గ్రామ సచివాలయంలో కూర్చుంటారు. తెలంగాణలో 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థను చట్టంతో రద్దు చేశారు, 2025లో గ్రామ పాలనాధికారులను పెట్టారు. ఉద్యోగి హోదా పేరు మారినంత మాత్రాన గ్రామం హద్దు మారదు. మీ పట్టికకు హద్దే ముఖ్యం.

డివిజన్ అంటే ఉత్త పోస్టాఫీసు అని కొందరి అభిప్రాయం. అది పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో తాసిల్దారు చేసిన మ్యుటేషన్ (భూమి రికార్డులో యజమాని పేరు మార్పు) మీద అప్పీలు వెళ్లేది ఆర్డీవో దగ్గరికే. తెలంగాణలో 2020 చట్టం ఆ దారి మూసేసింది, 2025 భూభారతి చట్టం మళ్లీ తెరిచింది. కాబట్టి ఒక మండలం ఏ డివిజన్‌లో ఉందో తప్పు రాస్తే రైతు తప్పు ఆఫీసులో అప్పీలు వేస్తాడు. గడువు కాస్తా అక్కడే కరిగిపోతుంది.

రచ్చబండ

రెండో నిచ్చెన నేను చెబుతాను. గ్రామ పంచాయతీ, మండల పరిషత్, జిల్లా పరిషత్ అని మూడంచెలు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. జనాభా 20 లక్షలు దాటని రాష్ట్రాలకు మధ్య అంచె తప్పనిసరి కాదు. మన రెండు రాష్ట్రాలకూ ఆ మినహాయింపు వర్తించదు, మూడూ ఉండాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 చట్టం నడుస్తున్నాయి.

ఈ మూడంచెల్లో పైది కిందిదానికి యజమాని కాదు. మండలాధ్యక్షుడు సర్పంచుకు పైఅధికారి కాడు. సర్పంచును జనం నేరుగా ఎన్నుకుంటారు, పార్టీ గుర్తులు ఉండవు. ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యుడు), జడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యుడు) ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. మండలాధ్యక్షుణ్ణి ఎంపీటీసీలు, జడ్పీ ఛైర్‌పర్సన్‌ను జడ్పీటీసీలు ఎన్నుకుంటారు. ఎంపీటీసీ స్థానానికి జనాభా 3,000 నుంచి 4,000 మధ్య ఉండేలా చూస్తారు. జడ్పీటీసీ మండలానికి ఒకరు.

ఇక్కడ డివిజన్ అనే మెట్టే లేదని గమనించండి. డివిజన్ స్థాయికి ఎన్నికైన పాలకవర్గం ఉండదు. పంచాయతీలను పర్యవేక్షించే డివిజనల్ పంచాయతీ అధికారి ఉంటారు. ఆ పైన డీపీవో, అంటే జిల్లా పంచాయతీ అధికారి.

అలాగే మండలంలో ఇద్దరు అధికారులున్నారు, తాసిల్దారు, ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి). ఒకరి కింద మరొకరు పనిచేయరు. కుల ధ్రువపత్రం, భూమి రికార్డు తాసిల్దారు దగ్గర. మండల పరిషత్ నిధులు, పంచాయతీల పనులు ఎంపీడీవో దగ్గర. అర్జీ తప్పు గదిలో ఇస్తే చాలాసార్లు పక్క గదికి కూడా పంపరు, మూలన పడుతుంది.

గెజిట్‌పుట

ఈ రెండు నిచ్చెనలూ మండలం దగ్గర ఎందుకు తాకుతున్నాయో చెబితేగానీ బొమ్మ పూర్తి కాదు. 1985కు ముందు తాలూకాలు, వాటి కింద ఫిర్కాలు ఉండేవి. అభివృద్ధి పనులకు వేరే హద్దులతో పంచాయతీ సమితులు ఉండేవి. ఉమ్మడి రాష్ట్రంలో పంచాయతీరాజ్ 1959లో షాద్‌నగర్‌లో మొదలైనప్పటి ఏర్పాటు అది. సమితులు మూడు వందలకు పైగా ఉండేవి, ఒక్కో సమితి పెద్దది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. 1985 మే 25న తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు పెట్టింది. తర్వాత 1986 చట్టంతో సమితులు పోయి మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. అలా రెవెన్యూకూ పంచాయతీరాజ్‌కూ మండలం ఒకే గీత అయింది. దేశంలో చాలా రాష్ట్రాల్లో తహసీలు హద్దు వేరు, బ్లాకు హద్దు వేరు. మనకు ఆ తలనొప్పి ఒక మెట్టు దగ్గరైనా తప్పింది. నా దృష్టిలో ఆ సంస్కరణలో అన్నిటికన్నా విలువైన ఫలితం ఇదే.

పటంగీత

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. కానీ మండలం గీత ఒకటే అయితే రెవెన్యూ మండలాలు, మండల పరిషత్తుల సంఖ్య ఎందుకు సరిపోవడం లేదు? ఆంధ్రప్రదేశ్‌లో జడ్పీటీసీలు 660 అని ఉంది. మండలాలు అంతకంటే ఎక్కువ కనిపిస్తున్నాయి.

రచ్చబండ

మండలం మొత్తం పట్నమైపోయినచోట మండల పరిషత్ ఉండదు. విశాఖ, విజయవాడ నగరాల నడిబొడ్డు మండలాలు అలాంటివే. తాసిల్దారు ఉంటారు, ఎంపీడీవో ఉండరు. హైదరాబాద్ జిల్లాకైతే జిల్లా పరిషత్తే లేదు. తెలంగాణలో 2019లో 33 జిల్లాలకు 32 జడ్పీలు ఏర్పడింది అందుకే.

సగం పట్నం, సగం పల్లె అయిన మండలాలు మరీ ఎక్కువ. అక్కడ తాసిల్దారు పరిధిలో మునిసిపాలిటీ కూడా వస్తుంది, మండల పరిషత్ పరిధిలో పల్లెలు మాత్రమే వస్తాయి. పట్టికలో మండల జనాభా రాసేటప్పుడు అది రెవెన్యూ మండలం జనాభానో మండల పరిషత్ జనాభానో చెప్పకపోతే సంఖ్య రెండింతలైనా తేడా రావచ్చు.

గొలుసుకొలత

ఊరు అన్న గడి దగ్గరికి వద్దాం, చిక్కంతా అక్కడే. ఊరు అనే మాట కింద మూడు వేర్వేరు వస్తువులున్నాయి.

రెవెన్యూ గ్రామం అంటే కొలిచి, గీత గీసి, సర్వే నంబర్లు వేసిన భూమి. ఇళ్లు ఉన్నా లేకపోయినా అది గ్రామమే. మనిషి లేని రెవెన్యూ గ్రామాన్ని బేచిరాగ్ అంటారు, దీపం లేని ఊరు అని అర్థం. పొలాలు, చెరువు, పహాణీ (పొలాల రికార్డు) అన్నీ ఉంటాయి, ఓటర్ల జాబితా ఉండదు. పంచాయతీల జాబితాలో మీకు కనబడని ఊళ్లలో కొన్ని ఇవే.

రెండోది జనావాసం. ఆంధ్రలో శివారు గ్రామం అంటారు, తెలంగాణలో మజరా అనో తండా అనో గూడెం అనో. దీనికి సొంత సర్వే నంబర్లు ఉండవు, తల్లి గ్రామం నంబర్లలోనే ఉంటుంది. ఇళ్ల స్థలం మొత్తాన్ని ఆంధ్రలో గ్రామకంఠం, తెలంగాణలో ఆబాదీ అని ఒక్క ముద్దగా చూపిస్తారు.

మూడోది గ్రామ పంచాయతీ. ఇది పాలన కోసం ప్రకటించిన పరిధి. ఒక పంచాయతీలో రెండు మూడు రెవెన్యూ గ్రామాలుండొచ్చు. ఒకే రెవెన్యూ గ్రామంలో మూడు పంచాయతీలూ ఉండొచ్చు. రెండు దిక్కులా ఒకటికి ఎన్నో.

తెలంగాణలో 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు ఎన్నో పంచాయతీలయ్యాయి. 2019 జనవరి ఎన్నికల నాటికి పంచాయతీలు 12,751. తండాకు సర్పంచు వచ్చాడు, సర్వే నంబరు మాత్రం తల్లి గ్రామానిదే. అక్కడ పొలం కొనేవాళ్లు దస్తావేజులో పంచాయతీ పేరునే గ్రామం పేరుగా రాస్తే భూమి రికార్డులో ఆ గ్రామం దొరకదు. గ్రామం గడిలో రెవెన్యూ గ్రామం రాయాలి, పంచాయతీ పేరు విడిగా రాయాలి.

సర్వే నంబర్లు ప్రతి రెవెన్యూ గ్రామంలోనూ 1 నుంచే మొదలవుతాయి. 112 నంబరు మండలంలో ఇరవై చోట్ల ఉంటుంది. గ్రామం కోడ్ తోడు లేని సర్వే నంబరుకు విలువ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే ముగిసిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అక్కడ పాతదీ కొత్తదీ రెండూ ఉంచుకోవాలి.

పటంగీత

అంటే ఊరు గడిని మూడుగా చీల్చాలి. మరి పంచాయతీని రెవెన్యూ గ్రామం కిందే పెట్టేస్తే కుదరదా?

గొలుసుకొలత

కుదరదు. రెండు జాబితాలనూ విడిగా ఉంచి, మధ్యలో జతలు చూపే మూడో జాబితా పెట్టండి. ఒక్కో వరసలో ఒక రెవెన్యూ గ్రామం కోడ్, ఒక పంచాయతీ కోడ్, అది పూర్తిగా వస్తుందా కొంత భాగమా. ఈ "కొంత భాగం" గుర్తు వదిలేస్తే విస్తీర్ణం కూడినప్పుడు ఒకే గ్రామం రెండుసార్లు లెక్కకొస్తుంది.

వార్డుదారి

కోడ్‌ల మాట వచ్చింది కాబట్టి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ, అంటే ఎల్జీడీ వాడండి. అందులో ఆంధ్రప్రదేశ్ కోడ్ 28, తెలంగాణ 36. గ్రామం కోడ్, పంచాయతీ కోడ్ వేర్వేరు వరసలవి. అంకెలు చూసి రెండూ ఒకటే అనుకోవద్దు.

పేర్ల మీద జతచేయడం మాత్రం పూర్తిగా మానేయండి. గూడూరు అనే మండలం పూర్వపు నెల్లూరు జిల్లా ప్రాంతంలో ఉంది, కృష్ణా జిల్లాలో ఉంది, కర్నూలు జిల్లాలో ఉంది, తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలోనూ ఉంది. మీరు అడిగిన నాలుగు జిల్లాల పేరు బహుశా ఇదే. వెంకటాపురం, రామాపురం, కొత్తపల్లి లాంటి గ్రామాలకైతే లెక్కే లేదు. పైగా తెలుగులో రాసినప్పుడు పల్లె, పల్లి తేడా ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాల నుంచి తిరిగి తెలుగులోకి తెచ్చినప్పుడు ళ, ల, ణ, న తారుమారు అవుతాయి. గెజిట్ తెలుగు ప్రతిలో ఉన్న రూపాన్నే ప్రమాణంగా పెట్టుకోండి.

గెజిట్‌పుట

జిల్లాల దగ్గర తేదీ లేకపోతే పట్టిక అబద్ధం చెబుతుంది. తెలంగాణలో 2016 ఆగస్టు 22న ముసాయిదా, అక్టోబరు 11న దసరా నాడు 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి 26న ప్రాథమిక నోటిఫికేషన్, ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. లోక్‌సభ స్థానానికి ఒక జిల్లా అన్న లెక్కతో 25 రావాలి. అరకు స్థానం మరీ విశాలం కాబట్టి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం కేంద్రంగా పార్వతీపురం మన్యం అని రెండు చేశారు.

వరంగల్ ఉదాహరణ చూడండి. 2016కు ముందు వరంగల్ జిల్లా అంటే ములుగు, మహబూబాబాద్, జనగామ అన్నీ కలిసిన పెద్ద జిల్లా. 2016 నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, వరంగల్ నగరంలోని రెండు మండలాలు అర్బన్ నుంచి ఇటు వచ్చాయి. అంటే "వరంగల్ జిల్లా" అని రాసి ఉన్న కాగితం 2015దా 2022దా తెలియకపోతే అది ఏ నేల గురించో చెప్పలేం.

కొత్తమండలం

నా అభిప్రాయం వేరు. పట్టిక వాడేది ఈరోజు పనికి. పాత జిల్లాలన్నీ మోస్తే ఎవరికీ అర్థం కాదు. తాజా జిల్లా ఒక్కటే ఉంచితే చాలు.

గెజిట్‌పుట

మర్యాదగానే విభేదిస్తున్నాను. కొత్త హద్దు రాగానే అన్ని వ్యవస్థలూ కలిసి నడవవు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు 26 అయినా 2021లో ఎన్నికైన 13 జిల్లా పరిషత్తులు పాత జిల్లాల హద్దులతోనే కొనసాగాయి. కలెక్టరు కొత్త జిల్లాకు, జడ్పీ ఛైర్‌పర్సన్ పాత జిల్లాకు. తెలంగాణలోనూ 2016 తర్వాత 2019 దాకా పాత జడ్పీలే నడిచాయి. జిల్లా కోర్టులదీ అదే తీరు. తెలంగాణలో 33 న్యాయ జిల్లాలు వచ్చింది 2022 జూన్ 2న, అంటే కలెక్టరేట్లు వచ్చిన దాదాపు ఆరేళ్లకు. ఆ మధ్య కాలంలో జడ్పీ పని, కోర్టు పని చూసుకోవాల్సిన మనిషికి తాజా జిల్లా పేరొక్కటే ఇస్తే తప్పు ఊరికి బస్సెక్కించినట్టే.

కొత్తమండలం

జడ్పీ, కోర్టు సంగతి నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను, తేదీలు ఉండాలి.

తాసిల్‌మెట్లు

దానికే కలిపి ఇంకొన్ని చెబుతాను. ఇవేవీ రెవెన్యూ హద్దుతో పాటు వాటంతట అవి కదలవు.

శాసనసభ నియోజకవర్గం 2008 పునర్విభజన ఉత్తర్వు ప్రకారం ఉంది. అందులో అప్పటి మండలాల పేర్లే ఉన్నాయి. ఆ తర్వాత పుట్టిన మండలం ఆ ఉత్తర్వులో వెతికితే దొరకదు. గ్రామం అప్పట్లో ఏ మండలంలో ఉందో చూసి నియోజకవర్గం తేల్చాలి. ఒక కొత్త మండలంలో రెండు నియోజకవర్గాల గ్రామాలు ఉండటం, ఒక నియోజకవర్గం రెండు మూడు జిల్లాల్లోకి చీలడం మామూలే.

రిజిస్ట్రేషన్ సబ్ జిల్లా 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద విడిగా ప్రకటిస్తారు. గ్రామం కొత్త మండలంలోకి వెళ్లినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పాతదే ఉండొచ్చు. మారినా, పాత దస్తావేజులకు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీసేటప్పుడు పాత ఆఫీసు పరిధి కూడా వెతకాలి. తెలంగాణలో 2020 అక్టోబరు నుంచి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తాసిల్దారు దగ్గరే, కాబట్టి అక్కడ మండలం మారితే ఆఫీసు వెంటనే మారుతుంది. ఇంటి స్థలానికి మాత్రం సబ్ రిజిస్ట్రారే.

పోలీస్ స్టేషన్ పరిధి, కరెంటు సెక్షన్, అటవీ డివిజన్ మూడూ మూడు వేర్వేరు గీతలు. పైగా వీటిలోనూ డివిజన్ అనే మాటే వాడతారు, నగరపాలక సంస్థ వార్డును కూడా డివిజన్ అంటారు. పట్టికలో ఒట్టి "డివిజన్" అని రాయకండి, "రెవెన్యూ డివిజన్" అని పూర్తిగా రాయండి.

వార్డుదారి

పట్నాల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. రాజ్యాంగంలో మూడు రకాలు: పల్లె నుంచి పట్నంగా మారుతున్న చోటుకు నగర పంచాయతీ, చిన్న పట్నానికి పురపాలక సంఘం, పెద్ద నగరానికి నగరపాలక సంస్థ. ఏది ఏమిటో తేల్చడానికి జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం చూడాలని 243క్యూ అధికరణం చెబుతుంది. మునిసిపాలిటీ, మండల పరిషత్ రెండూ ఒకే నేల మీద ఉండవు. జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) 2007 ఏప్రిల్‌లో పాత హైదరాబాద్ నగరపాలక సంస్థకు చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి ఏర్పడింది. అందులో కలిసిన ప్రతి పంచాయతీ ఆ రోజుతో చెల్లిపోయింది. అక్కడి రెవెన్యూ గ్రామాలు మాత్రం అలాగే ఉన్నాయి. మియాపూర్‌లో భూమి వివాదం వస్తే ఇప్పటికీ మియాపూర్ గ్రామం సర్వే నంబరు అనే అంటారు.

పంచాయతీని పట్నంలో కలిపితే జనానికి ఏం మారుతుందో ముందే తెలియాలి. సర్పంచు పదవి పోతుంది, గ్రామసభ పోతుంది, ఉపాధి హామీ పనులు గ్రామీణ ప్రాంతానికే కాబట్టి ఆగిపోతాయి, ఇంటిపన్ను మునిసిపల్ పద్ధతికి మారుతుంది. వీధి దీపం, డ్రైనేజీ మాటలే చెప్పి ఉపాధి పని పోతుందని చెప్పకుండా విలీనం చేయడం కూలి చేసుకునేవాళ్లకు నిజంగా అన్యాయం.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను వేరే గడిలో పెట్టండి. అది 2006 కంటోన్మెంట్ల చట్టం కింద రక్షణ శాఖ పరిధిలో ఉంది. జిల్లా హైదరాబాదే, పాలక సంస్థ జీహెచ్ఎంసీ కాదు. హెచ్ఎండీఏ (హైదరాబాద్ ప్రాంతానిది), సీఆర్డీఏ (అమరావతి ప్రాంతానిది) లాంటివి ఎన్నికైన సంస్థలు కావు, ప్రణాళికా ప్రాంతాలు. ఊళ్లో పంచాయతీ ఉంటుంది, లేఅవుట్ అనుమతి మాత్రం వాళ్ల దగ్గరికి వెళ్తుంది.

మన్యందారి

ఏజెన్సీ (గిరిజన ప్రాంత) గ్రామాలకు తప్పనిసరిగా ఇంకో గడి కావాలి. ఐదో షెడ్యూల్ ప్రాంతం అవునా కాదా అన్నది మండలం మొత్తానికి చూడకూడదు, గ్రామం వారీగా చూడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో పాత తాలూకాలు, గ్రామాల పేర్లతో జాబితా ఉంది. కొత్త జిల్లా వచ్చినా, కొత్త మండలం వచ్చినా ఆ హోదా మారదు. మార్చగలిగేది రాష్ట్రపతి ఒక్కరే. అదే మండలంలో ఒక గ్రామం షెడ్యూల్డ్, పక్క గ్రామం మైదాన ప్రాంతం కావచ్చు. 1/70 చట్టం కింద గిరిజనేతరులకు భూమి బదలాయింపు నిషేధం ఈ గీతనే పట్టుకుని ఉంటుంది. గీత తప్పుగా రాస్తే గిరిజనుడి భూమి చేతులు మారిపోతుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను.

1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం) వల్ల ఇక్కడ సర్పంచు, మండలాధ్యక్ష పదవులు ఎస్టీలకే. ఐటీడీఏలను (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలను) జిల్లా కింద మెట్టుగా పెట్టకండి. పాడేరు, రంపచోడవరం, సీతంపేట, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఇవన్నీ అభివృద్ధి సంస్థలు. ఒక ఐటీడీఏ పరిధి ఒకటికి మించిన జిల్లాల్లో ఉండొచ్చు.

పోలవరం ముంపు మండలాలను చూసుకోండి. 2014లో ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటివి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం మండలం చీలిపోయి, పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పల్లెలు అటు వెళ్లాయి. 2011 జనగణన పుస్తకంలో ఇవన్నీ ఖమ్మం జిల్లా కిందే ఉంటాయి. పాత జనాభా అంకెలు తెచ్చేటప్పుడు ఖమ్మం అని ఉంది కదా అని వీటిని తెలంగాణలో వేయకూడదు.

కొత్తమండలం

కొత్త మండలం కోరుకునేవాళ్లు ఏ దారిలో వెళ్లాలి? ధర్నాలు తప్ప కాగితం పద్ధతి ఎవరూ చెప్పరు.

గెజిట్‌పుట

1974 జిల్లాల ఏర్పాటు చట్టం మూడో సెక్షన్, 1984 నిబంధనలు. తెలంగాణ కూడా ఆ చట్టాన్నే అన్వయించుకుంది. జిల్లా, రెవెన్యూ డివిజన్, మండలం, గ్రామం నాలుగింటికీ ఇదే చట్టం. కలెక్టరు ప్రతిపాదన సీసీఎల్ఏ (భూపరిపాలన ప్రధాన కమిషనర్) ద్వారా ప్రభుత్వానికి వెళ్తుంది. ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ గెజిట్‌లో వేసి అభ్యంతరాలకు 30 రోజులు ఇస్తుంది. అభ్యంతరాలు రాతపూర్వకంగా కలెక్టరుకు ఇవ్వాలి. ఆయన వ్యాఖ్యలతో అవి పైకి వెళ్లాక తుది నోటిఫికేషన్ వస్తుంది, అమలు తేదీ అందులోనే ఉంటుంది.

విస్తీర్ణం, జనాభా, శిస్తు డిమాండు, వసూలు, భౌగోళికంగా ఆనుకుని ఉండటం, కొండలు నదులు, చారిత్రక సంబంధం, పాలనా సౌలభ్యం చూడాలని నిబంధనల్లో ఉంది. అర్జీలు వీగిపోయేది ఎక్కువగా ఆనుకుని ఉండటం అన్న చోటే. ఒక గ్రామాన్ని అడిగి మధ్యలో ఉన్న గ్రామాన్ని వదిలేస్తే కొత్త మండలంలో దీవి మిగులుతుంది. మరో తప్పు, పంచాయతీల పేర్లతో అర్జీ పెట్టడం. ఇక్కడ కదిలేది రెవెన్యూ గ్రామం. ఒక పంచాయతీకి మూడు రెవెన్యూ గ్రామాలుంటే మూడూ రాయాలి, కోడ్‌లతో. మూడోది, గ్రామాలు పోగొట్టుకునే పాత మండలానికి ఎంత మిగులుతుందో చూపకపోవడం. ఆ లెక్క ఎటూ కలెక్టరేట్ వేసుకుంటుంది. అర్జీలోనే ఉంటే ఫైలు వెనక్కి రాదు.

జనగణనకు ముందు హద్దులు స్తంభింపజేసే తేదీ ఒకటి ప్రకటిస్తారు. ఆ తేదీ దాటాక గణన ముగిసేవరకూ ఇలాంటి మార్పులు చేయరు. అర్జీకి ముందు అది చూసుకోవాలి.

రచ్చబండ

పంచాయతీకి దారి ఇది కాదని కలుపుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ చట్టం మూడో సెక్షన్ కింద నోటిఫికేషన్‌తో పంచాయతీని ప్రకటించొచ్చు, చీల్చొచ్చు. తెలంగాణలో పంచాయతీల పేర్లన్నీ 2018 చట్టం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్నాయి. కొత్త పంచాయతీ కావాలన్నా, ఉన్నది తీయాలన్నా చట్ట సవరణ కావాలి, అంటే శాసనసభ దాకా వెళ్లాలి. కలెక్టరుకు ఎన్ని అర్జీలిచ్చినా ఆయన చేతిలో లేని పని.

చిన్న పంచాయతీ కోరేటప్పుడు నిధులు కూడా చూడండి. 2026 మార్చి వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో పంచాయతీలకు 70 నుంచి 85 శాతం, మండల పరిషత్‌కు 10 నుంచి 25, జడ్పీకి 5 నుంచి 15 మధ్య రాష్ట్రం నిర్ణయించుకోవాల్సి ఉండేది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే గ్రాంటు ఆగుతుంది. రాజ్యాంగం ప్రకారం ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నిక జరగాలి. జరగకపోతే ప్రత్యేకాధికారి వస్తారు, మోటారు మరమ్మతుకు కూడా డబ్బు కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఇందులో నష్టపోయేది నేరుగా ఊరే.

పటంగీత

అన్నీ కలిపి ఇలా అనుకుంటున్నాను. రెవెన్యూ గ్రామాల జాబితా ఒకటి, పంచాయతీలు, మునిసిపాలిటీల జాబితా ఒకటి, రెండింటినీ కలిపే జతల జాబితా ఒకటి. ప్రతి వరసకూ ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు, ఏ జీవో. షెడ్యూల్డ్ ప్రాంతం గుర్తు గ్రామానికి. నియోజకవర్గం, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, పోలీస్ స్టేషన్ గ్రామానికే తగిలించడం. ఏదైనా వదిలేశానా? పిన్‌కోడ్‌తో మండలం పట్టుకోవచ్చా?

వార్డుదారి

పిన్‌కోడ్‌తో పట్టుకోవద్దు. అది తపాలా శాఖ బట్వాడా గీత. ఒక పిన్ రెండు మండలాల్లో, ఒక్కోసారి రెండు జిల్లాల్లో కూడా ఉంటుంది.

గొలుసుకొలత

మిగతాదంతా సరిగ్గా ఉంది. ఒక్కటి కలపండి. గ్రామం మండలం మారినప్పుడు పాత వరసను తుడిచేయకండి, "వరకు" గడిలో తుది నోటిఫికేషన్ అమలు తేదీకి ముందు రోజు వేసి మూసేయండి, కొత్త వరస తెరవండి. ప్రాథమిక నోటిఫికేషన్ తేదీ వేస్తే తప్పు, అప్పటికి గ్రామం ఇంకా పాత మండలంలోనే ఉంటుంది. పాత పహాణీలు, అడంగళ్లు ఏ తాసిల్ ఆఫీసు రికార్డు గదిలో వెతకాలో ఆ మూసిన వరసే చెబుతుంది.